తోలు పర్సు లోపలి అరలకు ఏం వాడాలి, ఎలా ఎంచుకోవాలి

చేతితో పర్సులు, బ్యాగులు కుట్టడం మొదలుపెట్టిన వాళ్లు ముందు బయటి తోలు గురించే అడుగుతారు. ఏ తోలు, ఎక్కడ దొరుకుతుంది, అడుగు ఎంత. లోపలి అరలు చివర్లో గుర్తొస్తాయి. అప్పటికి చేతిలో ఏది ఉంటే అది, మిగిలిపోయిన రెక్సిన్ ముక్కో ప్యాంటు జేబు గుడ్డో పెట్టి కుట్టేస్తారు. నేనూ అదే చేశాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి నడిపే ఒకాయనకు తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీలు, ఒక దాంట్లో, నోట్లు ఒక దాంట్లో, చిల్లర ఇంకో దాంట్లో పెట్టుకునేలా మూడు అరల సంచి కుట్టిచ్చాను. బయట మంచి గేదె తోలు, లోపల అడ్డాలకు నల్ల రెక్సిన్. రెండో ఎండాకాలం పూర్తిగా దాటకముందే ఆయన వచ్చి దాన్ని నా బల్ల మీద బోర్లించాడు. నోట్లతో పాటు నల్లటి పొట్టు రాలింది, నానబెట్టిన మినపప్పు పొట్టులాగా. "తోలు బాగనే ఉంది తమ్మీ, లోపల ఏం పెట్టినవ్?" అన్నాడు. బయటి తోలు అప్పుడప్పుడే కాస్త మెత్తబడి అందంగా తయారవుతోంది, లోపల మాత్రం రెక్సిన్ పూతంతా పోయి వెనక బట్ట బయటపడింది.

ఆ సంచి అరలు ఊడదీసి మేక తోలుతో మళ్లీ కుట్టిచ్చాను, డబ్బులు తీసుకోలేదు. అప్పటి నుంచి పని ఎప్పుడూ లోపలి నుంచే మొదలుపెడుతున్నాను. మీరూ అలాగే చేయండి. వరుసగా చెబుతాను.

ముందు, లోపలికి ఏం వెళ్తుందో రాసుకోండి

తోలు కొనే ముందు, కత్తి పట్టే ముందు, ఒక కాగితం మీద ఆ పర్సులోకి వెళ్లే వస్తువులన్నీ రాయండి. కస్టమర్ కోసమైతే వాళ్ల పాత పర్సు తీసి చూపించమని అడగండి, మొహమాటం వద్దు. పాత పర్సు ఎక్కడ చిరిగిందో అక్కడే మీ కొత్తదీ చిరుగుతుంది, ఎందుకంటే ఆ మనిషి అలవాట్లు మారవు.

కొలతలు ఇవి గుర్తుపెట్టుకుంటే చాలు. ఏటీఎం కార్డు 85.6 మి.మీ. పొడవు, 54 మి.మీ. వెడల్పు, 0.76 మి.మీ. మందం. పాన్ కార్డు, ప్లాస్టిక్ ఆధార్ కార్డు కూడా దాదాపు అదే సైజు. 500 నోటు 150 × 66 మి.మీ., 200 నోటు 146 × 66, 100 నోటు 142 × 66. 2000 నోటు 166 మి.మీ. ఉండేది. 2023లో వాటిని వెనక్కి తీసుకున్నారు కాబట్టి ఆ పొడవు కోసం ఇప్పుడు తంటాలు పడక్కర్లేదు, పాత ప్యాటర్న్‌లు ఉంటే మాత్రం ఒకసారి సరిచూసుకోండి. రైతుల కోసం కుడుతుంటే పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుబుక్కు కూడా అడుగుతారు, అవి చేతికి తీసుకుని కొలవండి, అందాజాగా కోయొద్దు.

ఇక్కడే ఒక్కో అరకు ఎంత పని పడుతుందో తేలిపోతుంది. కార్డు అరలోకి కార్డు రోజుకు నాలుగుసార్లు దూరి బయటికొస్తుంది, అంచు మీద రాపిడి ఉంటుంది. నోట్ల అరకు రాపిడి తక్కువ, కానీ చెమట ఎక్కువ. చిల్లర అరకు బరువూ, గరుకూ రెండూ. ఈ మూడింటికీ ఒకే మెటీరియల్ పెడితే కనీసం ఒకటి తప్పు పడుతుంది.

ఒకసారి రిటైరైన బస్ కండక్టర్ ఒకాయన తన పాత తోలు సంచి కుట్లు వేయించడానికి తెచ్చాడు. అప్పుడు చూశాను. చిల్లర అర మూతి దగ్గర తోలు మధ్యలో అర్ధచంద్రంలా అరిగిపోయి ఉంది, సరిగ్గా నాలుగు వేళ్లు దూరేంత మేర. మిగతా అడ్డం అంతా చెక్కుచెదరలేదు. ఆ అడ్డం రెండు మిల్లీమీటర్ల పైనే ఉన్న మందపు తోలు, లైనింగ్ లేదు, అంచు మడత లేదు. వేళ్లు రాసుకుని రాసుకుని అంచు అద్దంలా మెరుస్తోంది. అక్కడ గుడ్డ పెట్టి ఉంటే ఏడాది కూడా ఆగేది కాదు. అదే మందం కార్డు పర్సులో పెడితే పర్సు ఇటుకలా ఉంటుంది.

తర్వాత మందం లెక్క

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మెటీరియల్ బాగుందా లేదా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఎంత మందానికి చోటు ఉందో తేల్చండి.

మామూలు మడత పర్సు తీసుకోండి, రెండు వైపులా మూడేసి కార్డు అరలు. బయటి తోలు 1.2 మి.మీ., అరలను పట్టి ఉంచే వెనక పొర 0.6, ఒక్కో అర 0.8 అనుకుందాం. మూడు అరల ముక్కలూ ఒకదాని మీద ఒకటి పూర్తి సైజులో పెడితే కుట్టు వేసే పక్క అంచు దగ్గర మందం 1.2 + 0.6 + 2.4, అంటే 4.2 మి.మీ. పర్సు మడిస్తే 8.4. ఇంకా ఒక్క కార్డు కూడా పెట్టలేదు. ఆరు కార్డులు మరో నాలుగున్నర మిల్లీమీటర్లు. ఇది వెనక జేబులో పెట్టుకుని హన్మకొండ నుంచి కరీంనగర్ దాకా బండి మీద కూర్చుని చూడండి, నడుం సంగతి తెలుస్తుంది.

దీనికి పాత ఉపాయం ఒకటి ఉంది. పై రెండు అరల ముక్కలను ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో కోస్తారు. మూతి దగ్గర పన్నెండు మిల్లీమీటర్ల మేర మాత్రమే రెక్కలు పక్క కుట్టు దాకా వస్తాయి, కింది భాగం సన్నగా లోపలికి దిగుతుంది. అప్పుడు పక్క అంచులో ఏ చోట చూసినా దాదాపు ఒకే అర ముక్క తగులుతుంది. 1.2 + 0.6 + 0.8, మొత్తం 2.6. మడిస్తే 5.2. అదే తోలు, అన్నే అరలు, అంచు మాత్రం మూడు మిల్లీమీటర్లకు పైగా తగ్గింది.

ఇంకో మెట్టు దిగొచ్చు. ఆ టీ ముక్కలో బయటికి కనిపించేది మూతి దగ్గర పట్టీ ఒక్కటే. దాన్ని తోలుతో పెట్టి, కింద కనిపించని భాగాన్ని పలచని గుడ్డతో అతికితే మధ్యలో మందం కూడా పోతుంది. రెండు తోలు పొరలు 1.6 మి.మీ., వాటి బదులు రెండు గుడ్డ పొరలు మహా అయితే 0.3. బజారులో దొరికే పర్సు ఏదైనా విప్పి చూడండి, చాలా వాటిల్లో ఇదే ఉంటుంది. మోసమేం కాదు, తెలివైన పద్ధతి. మోసం ఎక్కడంటే, ఆ గుడ్డ మరీ నాసిరకం పెట్టినప్పుడు.

మందం కొలిచే గేజ్ లేదా? ఏటీఎం కార్డును తోలు అంచు పక్కన పెట్టి రెండింటి మీదుగా గోరు జరపండి. గోరు ఎటు తగులుతోందో చూస్తే 0.76 కన్నా ఎక్కువో తక్కువో తెలిసిపోతుంది. గుడ్డకైతే పదహారు పొరలు వచ్చేలా మడిచి, గట్టిగా నొక్కి, స్కేలుతో కొలిచి పదహారుతో భాగించండి.

మేక తోలు, నా మొదటి ఓటు

అరలకు ఒక్కటే కొనగలిగితే మేక తోలు కొనండి. 0.6 నుంచి 0.8 మి.మీ. మధ్యది. పలచన చేసినా పోగులు గట్టిగా పట్టుకుంటాయి, అంత మందంలో ఆవు తోలును చీలిస్తే దాని బలం చాలా వరకు పోతుంది. గొర్రె తోలు చేతికి మెత్తగా, ముద్దుగా ఉంటుంది కానీ లాగితే సాగుతుంది. మూడు నెలల్లో కార్డు అర మూతి వదులై, పర్సు వంచితే కార్డు జారి కింద పడుతుంది. గొర్రె తోలును బ్యాగు లైనింగ్‌కు ఉంచుకోండి, అరలకు వద్దు.

మేక తోలులోనూ రెండు రకాలు. చెట్ల బెరడుతో, కాయలతో పదును చేసింది, అంటే పచ్చి తోలు కుళ్లకుండా తయారుచేసింది ఒకటి, దాన్నే వెజ్ ట్యాన్ అంటారు. క్రోమియం లవణాలతో పదును చేసింది రెండోది. వెజ్ ట్యాన్ కాస్త బిర్రుగా ఉంటుంది, అంచు రుద్దితే నున్నగా మెరుస్తుంది, మడత గీత గీస్తే నిలుస్తుంది. క్రోమ్ మెత్తగా ఉంటుంది, నీళ్లకు, చెమటకు ఎక్కువ తట్టుకుంటుంది, అంచు మాత్రం రుద్దినా నునుపెక్కదు, మడిచి కుట్టాలి లేదా ఎడ్జ్ పెయింట్ వేయాలి. అమ్మేవాడి మాట మీద నమ్మకం లేకపోతే వేలెడు ముక్క కోసి మరిగే నీళ్లలో వేయండి. వెజ్ ట్యాన్ వెంటనే ముడుచుకుని గట్టిపడుతుంది, క్రోమ్ పెద్దగా మారదు. కార్డు అరలకు వెజ్ ట్యాన్, నోట్ల అరకు, చెమట పట్టే చోటికి క్రోమ్. నేను ఇలా పెడుతున్నాను.

మాటల్లో మాట, వెజ్ ట్యాన్ అంటే ఏదో ఫారిన్ సరుకు అనుకుంటారు మన దగ్గర. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు ఉంది కదా, మన రాష్ట్ర పువ్వు, ఆ చెట్టు బెరడుతోనే మన ఊళ్లల్లో లందల్లో, అంటే తోలు తొట్లల్లో, తోళ్లు నానబెట్టి పదును చేసేవాళ్లు. మద్రాసు వైపు దాన్ని ఆవారం అంటారు. ఆ బెరడుతో చేసిన తోళ్లు బ్రిటిష్ కాలంలో ఓడలెక్కి పోయేవి. తంగేడు పట్టిన తోలు ఎండ తగిలితే ఎర్రబడుతుంది, అందుకని చివర్లో కరక్కాయ నీళ్లలో ముంచేవాళ్లు. ఈ పని తెలిసిన పెద్దమనిషి మీ ఊళ్లో ఇంకా ఉంటే ఒక పూట వెళ్లి కూర్చోండి. రంపెతో, అంటే తోలు చెక్కే కత్తితో, తోలు అంచు పలచన చేయడం వీడియోల్లో కన్నా అక్కడ తొందరగా వస్తుంది.

కరక్కాయ అన్నాను కాబట్టి ఇంకోటి. పాతకాలం సిరా కరక్కాయ, అన్నభేది కలిపి చేసేవాళ్లు, ఆ నలుపు చెట్ల వగరూ ఇనుమూ కలిసినందుకే వస్తుంది. వెజ్ ట్యాన్ అరకు ఇనుప ప్రెస్ బటన్ పెట్టి, చెమటకు తడిస్తే బటన్ చుట్టూ అదే నలుపు దిగుతుంది, ఇక ఏం చేసినా పోదు. బటన్లు కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. అంటుకుంటే పక్కన పెట్టి ఇత్తడివి అడగండి.

ఎక్కడ దొరుకుతుందంటే, వరంగల్‌లో పలచని మేక తోలు అనుకున్నప్పుడల్లా దొరకదు. నలుగురు కలిసి డబ్బులేసుకుని కాజీపేటలో రైలెక్కి చెన్నై పెరియమెట్ వెళ్తే ఏడాదికి సరిపడా తెచ్చుకోవచ్చు. అరల కోసమే అయితే నిండు తోళ్లు కూడా అక్కర్లేదు, కిలోల్లెక్కన అమ్మే ముక్కల్లో కార్డు అర సైజువి బోలెడు ఏరుకోవచ్చు.

పంది తోలు లైనింగ్ చవకగా వస్తుంది, పలచన, గట్టిది కూడా. మూడేసి రంధ్రాలు గుంపులు గుంపులుగా కనిపిస్తే అదే. మన దగ్గర చాలామంది కస్టమర్లు దాన్ని ముట్టుకోరు, ఆవు తోలు వద్దనేవాళ్లూ ఉంటారు. లోపల కదా, ఎవరు చూస్తారులే అనుకోవద్దు. ఏం పెట్టారో ముందే చెప్పండి.

గుడ్డ పెట్టాలంటే

గుడ్డ అరలు తక్కువ రకం అనుకునేవాళ్లలో నేనూ ఉండేవాణ్ని. ఇప్పుడు కాదు. పైన చెప్పిన టీ ముక్కల కింది భాగానికీ, నోట్ల అర లైనింగ్‌కూ గుడ్డే సరైనది.

నా లెక్కలో మొదటిది నైలాన్, గొడుగు గుడ్డలా పలచగా ఉండి గట్టిగా నేసింది. సులువుగా చినగదు, తడి పెద్దగా పీల్చదు, కార్డు నున్నగా జారుతుంది. ఒక్కటే చిక్కు, కోసిన చోట పోగులు ఊడతాయి. అగరబత్తి నిప్పు అంచు పక్కగా పోనిస్తే కరిగి అతుక్కుంటుంది. నెమ్మదిగా, నిప్పు తగిలీ తగలనట్టు. రెండోది పాలిస్టర్ టాఫెటా, జాకెట్ల లోపల వేసేది. శాటిన్ చూడ్డానికి బాగుంటుంది, గోరు తగిలితే పోగు లేస్తుంది, వద్దు.

నూలు గుడ్డ కావాలంటే కొత్తవాడ వైపు మగ్గం గుడ్డ వాడొచ్చు, సిద్దిపేట గొల్లభామ చీర ముక్క లోపల మెరిస్తే పర్సు ధరే మారిపోతుంది. కానీ ముందు ఉతకండి. మగ్గం గుడ్డ పడుగుకు గంజి పట్టించి ఉంటుంది, ఆ గంజి అలాగే ఉంటే పురుగు పడుతుంది, పైగా మొదటి తడికే గుడ్డ కుంచించుకుపోయి కుట్టు దగ్గర ముడతలు వస్తాయి. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే కత్తెర. వరంగల్ జంపఖానా పర్సుకు మందం ఎక్కువ, లాప్‌టాప్ బ్యాగు మధ్య అడ్డానికి మాత్రం అంతకన్నా అందమైనది నేను చూడలేదు. అంచులకు తోలు పట్టీ కుట్టండి, లేకపోతే వదులై విడిపోతుంది.

గుడ్డ బిర్రుగా నిలవాలని ఒకసారి అతితెలివికి పోయాను. చేర్యాల బొమ్మల గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టిస్తారు కదా, దాని మీద రంగులు వందల ఏళ్లుగా వేస్తున్నారు, మనం పర్సు లైనింగ్‌కు పట్టిస్తే ఎలా ఉంటుందని పట్టించాను. ఆరాక అట్టలా టకటకా మోగింది, మహా సంతోషం. వానాకాలంలో వెనక జేబులో వారం రోజులు తిరిగాక బంకబంకగా అయి ఒక రకం వాసన. గోడకు వేలాడే పటానికి పనికొచ్చేది చెమట పట్టే చోట ఎందుకు పనికొస్తుంది. బిర్రు కావాలంటే టైలరింగ్ మెటీరియల్ షాపులో పలచని ఫ్యూజింగ్ అడగండి, చొక్కా కాలర్ల బకరం మాత్రం అక్కర్లేదు, అది మందం. ఫ్యూజింగ్‌ను గుడ్డకు ఇస్త్రీతో అతికించి, చల్లారాక తోలుకు కుట్టండి. తోలు మీద నేరుగా ఇస్త్రీ పెట్టొద్దు.

రెక్సిన్, ఫోమ్, అట్ట

రెక్సిన్ అంటే బట్ట మీద ప్లాస్టిక్ పూత. పూత పాలియురేతేన్ అయితే మన ఉక్కపోతకు, మే నెల 43, 44 డిగ్రీల వేడికి కొన్నేళ్లలో విచ్చిపోయి పొట్టు రాలుతుంది, వాడినా రాలుతుంది, వాడకుండా బీరువాలో పెట్టినా రాలుతుంది. అడ్తి ఆయన సంచికి జరిగింది ఇదే. పూత పీవీసీ అయితే రాలదు, కానీ దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే నూనె మెల్లగా బయటికొస్తుంది, ఫొటో రంగు, జిరాక్స్ అక్షరాలు దానికి అంటుకుంటాయి. పర్సులో ఐడీ కార్డు పెట్టే పారదర్శక కిటికీకి మెత్తటి పీవీసీ పెడితే రెండేళ్లకు ఆధార్ జిరాక్స్ మీద సగం అక్షరాలు కిటికీ మీదే కనిపిస్తాయి. అక్కడ గట్టి పాలిస్టర్ షీటో, పాలీప్రొపిలీన్ షీటో పెట్టండి.

తోలు వద్దు, గుడ్డ వద్దు, తోలు లాంటిదే కావాలంటే స్వేడ్ రకం, అంటే పైన నూగు ఉండే మైక్రోఫైబర్ చూడండి. దాని మీద పూత ఉండదు కాబట్టి రాలదు, కోసిన చోట పోగులు రావు. ధర ఎక్కువే. నేను కళ్లజోడు పౌచ్‌లకు వాడాను, బాగుంది.

బ్యాగుల్లో నిలువుగా నిలబడాల్సిన అడ్డాలకు లోపల ఏదో ఒకటి కావాలి. పుస్తకాల బైండింగ్ అట్ట పెట్టొద్దు. కొత్తలో అద్భుతంగా ఉంటుంది. ఒక కాలేజీ లెక్చరర్‌కు కుట్టిన బ్యాగు జూలై వానలో హన్మకొండ చౌరస్తా దగ్గర తడిసింది. మర్నాడు అడ్డం కిందికి జారి నానిన రొట్టెలా ముద్దైంది. దాని బదులు చెప్పుల మెటీరియల్ అమ్మే షాపుల్లో టెక్సాన్ షీట్ అని అడగండి, ఇన్‌సోల్‌కు వాడేది, తడిసినా ఆకారం పోదు. లాప్‌టాప్ పక్కన రెండు మూడు మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్, రెండు వైపులా గుడ్డ, చాలు.

కొన్నారా, ఇక పరీక్షలు

ఏది కొన్నా కుట్టే ముందు నాలుగు పరీక్షలు పెట్టండి, ముక్క చాలు.

తెల్ల నూలు గుడ్డ తడిపి ఆ ముక్క మీద గట్టిగా ఇరవైసార్లు రుద్దండి. రంగు దిగితే ఆ రంగు రేపు నోట్ల మీద, పెళ్లికి వేసుకున్న తెల్ల చొక్కా జేబు మీద ఉంటుంది. ఈ ఒక్కటి మాత్రం మానొద్దు, ముఖ్యంగా ఎరుపు, నీలం, నల్ల రంగు తోళ్లకు.

వేళ్లతో మడిచి గోటితో నొక్కి తీయండి. తెల్ల గీత పడినా, పూత చిట్లినా అరకు పనికిరాదు.

ఎండలో ఆపిన బైకు సీటు మీద మధ్యాహ్నమంతా కార్డుకు చుట్టి పెట్టండి. పాత కార్డు పెట్టండి, వాడే కార్డు కాదు. సాయంత్రం కార్డు నుంచి సులువుగా విడిపోవాలి, జిగట ఉండకూడదు.

గుడ్డ నూలుదో కాదో తెలియకపోతే నాలుగు పోగులు కాల్చండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. షాపులో కాల్చొద్దు, ఇంటికొచ్చాక.

కోసేటప్పుడు దిక్కు చూడండి

తోలు అన్ని వైపులా ఒకేలా సాగదు. వెన్నెముక పొడవునా, అంటే మెడ నుంచి తోక వైపు, తక్కువ సాగుతుంది, అడ్డంగా ఎక్కువ. పొట్ట భాగమైతే ఎటు లాగినా సాగుతుంది. అర మూతి వెన్నెముక దిక్కునే పోయేలా ముక్క కోయండి. మూతి సాగకపోతే అర వదులవదు. పొట్ట ముక్కలు కనిపించని వెనక పొరలకు వాడుకోండి. ఏది ఎటో తెలియని ముక్కల్లో అయితే రెండు చేతులతో రెండు దిక్కులా లాగి చూడటమే, అయిదు నిమిషాలకు చేతికే తెలిసిపోతుంది.

గుడ్డకూ అంతే. పడుగు తక్కువ సాగుతుంది, పేక కాస్త ఎక్కువ. అంచు ఎటు పోతుందో పడుగు అటే. మూతిని పడుగు దిక్కున పెట్టండి. ఏటవాలుగా కోస్తే మాత్రం కుట్టేలోపే మూతి వంకర తిరుగుతుంది.

కొలతలో ఒక తేడా ఉంది, చాలామంది పట్టించుకోరు. తోలు అరలో కుట్టుకూ కుట్టుకూ మధ్య 89 మి.మీ. ఇస్తే కొత్తలో కార్డు బిగుతుగా ఉండి, వాడగా వాడగా సరిపోతుంది. గుడ్డ అర సాగదు, దానికి మొదటి రోజే 90, 91 ఉండాలి. తోలు కోసం గీసిన ప్యాటర్న్‌ను గుడ్డ మీద పెట్టి కోస్తే కార్డు రోజూ సతాయిస్తుంది. నోట్ల అర లోపలి ఎత్తు 75 మి.మీ.కు తగ్గొద్దు.

మూతి, జిగురు

మూతి అంచు పక్కనే, రెండు మిల్లీమీటర్ల లోపలికి, ఒక వరస కుట్టు వేయండి. అలంకారం అనుకుంటారు, నిజానికి అది మూతి సాగకుండా పట్టుకునే తాడు. మెషిన్ మీదైతే చిన్న కుట్లు వద్దు, తోలుకు రంధ్రాలు దగ్గర దగ్గరగా పడితే తపాలా బిళ్లలా అక్కడే చినుగుతుంది. గుడ్డ మూతిని అలా వదిలేయొద్దు, మడవండి లేదా తోలు పట్టీ అతికి కుట్టండి.

పక్క అంచుల్లో తోలు ఎక్కడ ఒకదాని మీద ఒకటి వస్తుందో అక్కడ రంపెతో చెక్కి సగానికి తగ్గించండి. 0.8 ముక్క అంచు 0.4 అయితే చాలు, అంతకన్నా తగ్గిస్తే కుట్టు పట్టదు.

జిగురు, అంటే ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బరు జిగురు, రెండు ముక్కలకూ అంచున మూడు మిల్లీమీటర్ల మేరే రాయండి. వేలికి అంటనంత ఆరాక అతికించండి, ఓపిక లేక తడి మీద అతికిస్తే పక్కకు జారుతుంది. అర లోపలికి ఒక్క చుక్క దిగినా కార్డు అక్కడే ఆగిపోతుంది, ధూళి పట్టి నల్లబడుతుంది. పలచని గుడ్డకు రాసేటప్పుడు జిగురు అవతలికి చిమ్మి మరక పడుతుందేమో ముందు ముక్క మీద చూసుకోండి. టాఫెటాకు తప్పకుండా పడుతుంది. అక్కడ నేను జిగురు మానేసి సన్నని డబుల్ సైడ్ టేపు పెడతాను, అది కూడా కుట్టు పడే చోటు వదిలేసి, ఎందుకంటే సూది టేపులో నుంచి పోతే బంక పట్టి దారం తెగుతుంది.

బయటి తోలుతో కలిపి కుట్టే ముందు

తోలు ముట్టకముందే ఒకసారి పాత శుభలేఖల అట్టతో మొత్తం పర్సు కోసి, టేపుతో అతికి, కార్డులు పెట్టి చూసి ఉండాలి. ఆ పని చేయకపోతే ఇప్పుడైనా చేయండి.

అరలన్నీ కుట్టాక, బయటి తోలు కలపకముందు, ఆ లోపలి ముక్కను క్లిప్పులతో పట్టించి రెండు రోజులు మీ దగ్గరే పెట్టుకోండి. బట్టలారేసే క్లిప్పులు చాలు, తోలు మీద అచ్చు పడకుండా మధ్యలో గుడ్డ ముక్క పెట్టండి. అన్ని కార్డులూ పెట్టండి. తలకిందులు చేసి దులపండి, జారకూడదు. బొటనవేలితో ఒక్క తోపు తోస్తే పైకి రావాలి. తోలు అర మరీ బిగుతుగా ఉంటే రెండు కార్డులు కలిపి ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రంతా అందులో ఉంచండి, పొద్దున్నకు దారికొస్తుంది. గుడ్డ అర బిగుతుగా ఉంటే చేసేదేం లేదు, కుట్టు విప్పాలి. ఇప్పుడు విప్పితే పది నిమిషాల పని, బయటి తోలు కుట్టేశాక అయితే ఆ రంధ్రాలు జన్మలో పూడవు.